లేని గిర్నికి బోర్డు

గోదావరిఖనిలో మునిసిపాలిటీ నుంచి ఒక్క రోజులో బోర్డు పర్మిషన్ తెచ్చిన మనిషి ఇప్పటిదాకా ఒక్కడే ఉన్నాడు. అది నేను. పొద్దున పది గంటలకు ఆఫీసు మెట్లెక్కాను, మధ్యాహ్నం భోజనాల వేళకు కాగితం జేబులో పెట్టుకుని దిగాను. మధ్యలో జరిగింది ఒకటే. టేబుల్ మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేశాను. పెన్నుల డబ్బా కింద పడింది, నెత్తి మీద తిరిగే పంకా ఆగిపోయింది, ఆఫీసంతా లేచి నిలబడింది.

ఈ కథ చాయ్ హోటల్లో చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ దెబ్బ కొంచెం గట్టిగా పడుతూ వచ్చింది. మొదట్లో పెన్నుల డబ్బా కదిలేది. తర్వాత పడటం మొదలుపెట్టింది. పంకా ఈ మధ్యనే వచ్చి చేరింది. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి వెనకాడుతున్నది. హోటల్లో చెప్పింది చాయ్ గ్లాసు కడిగేలోపు పోతుంది, రాసింది ఎవరో ఒకరు దాచిపెట్టుకుంటారు. అందుకని ముందే ఒప్పుకుంటున్నాను. ఒక్క రోజు కాదు. చలి తగ్గుతున్న రోజుల్లో మొదలై, ఆడవాళ్లు మిద్దెల మీద మిరపకాయలు ఎండబోసే రోజుల దాకా సాగింది. పంకా ఆగిన మాట నిజమే, కరెంటు పోయి ఆగింది. దెబ్బ సంగతి దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

బోర్డు కూడా నాది కాదు, మా అక్క గిర్నిది.

అక్క నాకంటే ఐదేళ్లు పెద్ద. బావ బొగ్గు బాయిలో సర్దారుగా చేశాడు. అంటే షిఫ్టులో అందరికన్నా ముందు లోపలికి పోయి, పైకప్పు తట్టి చూసి, గాలి చూసి, ఇక పని మొదలుపెట్టండని చెప్పే మనిషి. రిటైరైన ఏడు ఒక పిండి గిర్ని, ఒక కారం గిర్ని కొని ఇంటి ముందు రేకుల షెడ్డులో బిగించాడు. రెండేళ్లు కూడా నడపకుండానే పోయాడు. అప్పటి నుంచి అక్కే నడుపుతున్నది. మోటారు పట్టా తెగితే తనే కుడుతుంది. రాళ్లు అరిగితే ఉలి పట్టుకుని తనే గాట్లు పెడుతుంది. నాలుగు జొన్నగింజలు పంటి కింద వేసుకుని, "పచ్చిగున్నయి, ఇంకో రోజు ఎండబెట్టి తీస్కరా" అని గిరాకీని వెనక్కి పంపే గిర్ని ఈ చుట్టుపక్కల ఆమెదొక్కటే.

ఆ షెడ్డు మూడో గేటు దగ్గర ఉండేది. మూడో గేటు అంటే బాయికి పోయే దారిలో కంపెనీ పెట్టిన ఇనుప గేటు. గేటు వల్ల కాలనీకి ఆ పేరు వచ్చింది, కాలనీ వల్ల గిర్నికి వచ్చింది. బొగ్గును పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిని పెద్దది చేసినప్పుడు కాలనీ మొత్తం అందులోకి పోయింది. ఇప్పుడక్కడ గేటు లేదు, దారి లేదు, అంచున నిలబడి చూస్తే అడుగున డంపర్లు అగ్గిపెట్టెల్లా కనబడతాయి. కాలనీవాళ్లలో కొందరు మంచిర్యాలకు పోయారు, కొందరు బెల్లంపల్లిలో చుట్టాల దగ్గర చేరారు, ఎక్కువమంది ఇక్కడిక్కడే తలా ఒక గల్లీలో సర్దుకున్నారు. అక్కకు మెయిన్ రోడ్డు వెనక ఒక కొత్త గల్లీలో జాగా దొరికింది. గల్లీకి ఇంకా పేరు లేదు, ఇళ్లకు నంబర్లు పడలేదు.

గిర్ని అంత చప్పుడు చేస్తుంది కదా, బోర్డెందుకు అని ఎవరైనా అడుగుతారు. నేనూ అడిగాను.

"బొగ్గు లారీలు పోయే రోడ్డు తమ్మీ," అన్నది అక్క. "నా మోటారు చప్పుడు గల్లీ దాటది. పాతోళ్లు రోడ్డు మీదికి వచ్చి, మూడో గేటు గిర్ని ఏడున్నదని అడుగుతున్నరట. గీడ మూడో గేటంటే ఎవలకెరుక? మొన్న ఒకామె జొన్నల సంచి నెత్తిన పెట్టుకొని తిరిగి తిరిగి, ఇంకో గిర్నిల పట్టిచ్చుకొని పోయిందట."

అలా పోయినవాళ్లను అక్క వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. అందరూ ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గరే పట్టించుకున్నవాళ్లు.

అప్పటికే రామగిరి వైపు నుంచి ఒకాయన గిర్ని కొనుక్కుంటానని వచ్చిపోయాడు. మోటారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు, రాళ్ల మీద వేలితో కొట్టి చూశాడు, పట్టా వాసన చూశాడు.

"పెండ్లి చూపులకొచ్చినవా, కొనెటందుకొచ్చినవా?" అని అడిగింది అక్క.

"కొంటనక్కా. ఎప్పుడు ఇస్తవో చెప్పు."

"ఎండాకాలం పోనియ్యి. గిరాకి వస్తే ఇయ్య. రాకపోతే నువ్వే తీస్కపో."

ఏడాదికి సరిపడా కారం, పసుపు జనం పట్టించుకునేది ఎండాకాలంలోనే. గిర్నివాళ్లకు ఆ రెండు నెలలే పంట. పాత గిరాకీ దారి తెలుసుకుని వస్తే అక్క చేతిలో గిర్ని మిగులుతుంది, లేకపోతే రామగిరికి పోతుంది. అమ్మేశాక ఏం చేస్తావని అడిగాను.

"నీ ముచ్చట్లు ఇనుకుంట కూసుంట," అన్నది. "గందుకే అమ్మబుద్ధి అయితలేదు."

మొదటి బోర్డు నేనే రాశాను. రేకు ముక్క మీద ఎర్ర రంగుతో రాసి, గల్లీ మొదట్లో కరెంటు పోలుకు తీగతో కట్టాను. ఎనిమిది రోజులున్నది. తొమ్మిదో రోజు మునిసిపాలిటీవాళ్లు పర్మిషన్ లేని బోర్డులన్నీ కోసి ట్రాక్టరులో వేసుకుని పోయారు. నేను ట్రాక్టరు వెంట చౌరస్తా దాకా పరుగెత్తాను. పరుగెత్తానంటే, హోటల్ ముందు నిలబడి చౌరస్తా దాకా చూశాను.

ఆ హోటల్ గల్లీ మూలమీదే ఉంటుంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినాయన నడుపుతాడు. రోడ్డు వైపు గోడ ఖాళీగా కనబడుతుంటే, మా బోర్డు దాని మీద పెట్టుకుంటామని అడిగాను.

"దానికేముందండీ, పెట్టుకోండి," అన్నాడాయన. "కానీ పర్మిషన్ కాయితం ఉండాలండి. లేదంటే మీ గిర్ని బోర్డుతో పాటు నా ఇడ్లీ బోర్డు కూడా పీక్కుపోతారు."

గోడ ఇస్తున్నట్టు ఒక కాగితం మీద సంతకం కూడా చేసిచ్చాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పర్మిషన్ పని నాకు వదిలెయ్యమని అక్కతో అన్నాను. నాకు వదిలెయ్యమన్న ప్రతిసారీ అక్క ఒక క్షణం నా మొహంలోకి చూస్తుంది. అప్పుడూ చూసింది.

మునిసిపల్ ఆఫీసులో కిటికీ దగ్గర ఒక అమ్మాయి ఉన్నది. ఫారం తనే ముందు పెట్టుకుని, నన్ను అడుగుతూ నింపింది.

"కాకా, బోర్డు మీద ఏం రాస్తరో చెప్పుండ్రి."

"మూడో గేటు గిర్ని."

"మూడో గేటు ఏడుంటది?"

"లేదు బిడ్డా. ఓపెన్‌కాస్టుల పోయింది."

"లేనిదాని పేరు ఎందుకు మరి?"

"ఉన్నోళ్లంత గా పేరే అడుగుతున్నరు."

ఆమె పెన్ను ఆపి నన్నొకసారి చూసి, అట్లాగే రాసింది. "మాది నాలుగో గేటు కాకా," అన్నది రాస్తూనే. నాలుగో గేటు మూడో గేటు కన్నా ముందే పోయింది.

బోర్డు పొడవు, వెడల్పు రాసింది. హోటలాయన కాగితం తీసుకుని పిన్ను కొట్టింది. చివరికి ఇంటి నంబరు అడిగింది. ఇంకా పడలేదన్నాను.

"అయితే నక్షా గీస్కరావాలె. రోడ్డు, గల్లీ, బోర్డు పెట్టే గోడ, గిర్ని ఎక్కడెక్కడున్నయో చూపియ్యాలె. నంబరు లేదు గదా, తనిఖీకి వచ్చే సారు నక్షా చూసుకొనే వస్తడు."

"నక్షానా? ముప్పై రెండేండ్లు సర్వేల చేసిన బిడ్డా. భూమి లోపలి నక్షాలు గీసినోణ్ని, భూమి మీదిది గీయరాదా?"

సర్వేలో చేసిన మాట నిజం. గీసిన మాటే కొంచెం సాగింది. దుర్భిణి పెట్టె మోసేవాణ్ని. సర్వేయరు ఇటు నుంచి చూస్తుంటే, అటు కొసన కొలత కర్ర నిటారుగా పట్టుకుని కదలకుండా నిలబడేవాణ్ని. టేపు రెండో కొస పట్టుకునేవాణ్ని. ముప్పై రెండేళ్లు పట్టుకున్నానంటే అదీ చిన్న పని కాదు. చెయ్యి వణికితే సొరంగం వంకర పోతుంది. కానీ కాగితం మీద గీత గీసింది మాత్రం ఎప్పుడూ సర్వేయరే.

అయినా ఆ సాయంత్రం మనవరాలి స్కేలు, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. మెయిన్ రోడ్డు గీశాను. దాని కింద నుంచి అడ్డంగా దాటే మురుగు కాలువ, మోరీ గీశాను. మోరీ నుంచి నలభై అడుగులకు హోటల్, హోటల్ పక్క నుంచి గల్లీ, గల్లీ చివర గిర్ని. గిర్ని చుట్టూ గీతలు రెండుసార్లు దిద్దాను. ఎంత శుభ్రంగా వచ్చిందంటే, దాన్ని మడవబుద్ధి కాక, క్యాలెండరులో చుట్టుకుని ఆఫీసుకు పట్టుకుపోయాను.

ఆ అమ్మాయి చూసి బాగుందన్నది. తర్వాత కాగితం నాలుగు మూలలూ వెతికింది.

"ఉత్తరం గుర్తు పెట్టలే కాకా."

"అక్కరలేదు బిడ్డా. నా నక్షా పట్టుకున్నోడు తప్పిపోడు."

"సారు అడుగుతడేమో."

"అడిగితే నా పేరు చెప్పు."

ఆ ఆఫీసులో నా పేరు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరన్న సంగతి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. వెనక్కి పోలేదు.

తర్వాత రెండు వారాలు ఏమీ జరగలేదు. అక్క రోజూ అడిగేది, నేను రోజూ ఒకటి చెప్పేవాణ్ని. ఫైలు పెద్ద సారు దగ్గరికి పోయిందని చెప్పాను. ఆయన నా నక్షా చూసి, ఇట్లాంటిది ఈ ఆఫీసుకు ఎప్పుడూ రాలేదన్నాడని చెప్పాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. ఊరికే ఖాళీగా ఉండటం ఇష్టం లేక నేనే అనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం గిర్నిలో కూర్చుని ఉండగా ఫోనుకు మెసేజ్ వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివాను. తనిఖీలో, దరఖాస్తుదారు చూపిన స్థలంలో అటువంటి సంస్థ ఏదీ లేదని తేలినందున దరఖాస్తు తిరస్కరించడమైనది.

అక్క చేతిలో చాట ఉంది. దాన్ని అట్లాగే పట్టుకుని, "మల్ల సదువు," అన్నది.

మళ్లీ చదివాను.

"లేదట్నా?"

"లేదటనే అక్కా."

"మరి గిదేంది?" అని మోటారు వేసింది. షెడ్డు రేకులు అదిరాయి. గుడ్డ గొట్టం ఉబ్బింది. డబ్బాలోకి పిండి పడుతూనే ఉంది, ఆమె దాని వంకే చూస్తూ నిలబడింది. కాసేపటికి మోటారు ఆపింది. ఆ రోజు పట్టడానికి ఆ ఒక్క సంచే ఉంది.

తనిఖీ సారు అసలు వచ్చి ఉండడని చెప్పాను. ఆఫీసులోనే కూర్చుని రాసిపారేసి ఉంటాడని, ఇట్లాంటివాళ్లను నేను చాలామందిని చూశానని చెప్పాను. దీనికి నా దగ్గర సాక్ష్యం ఏమీ లేదు. కోపం వచ్చినప్పుడు అందరూ అనే మాట అది, నేనూ అన్నాను.

ఆ వారమే రామగిరి ఆయన మళ్లీ ఫోను చేశాడు. అక్క రెండే మాటలు మాట్లాడి పెట్టేసి, నా వైపు తిరిగింది.

"రేపు ఆఫీసుకు నేను గూడ వస్త."

"నువ్వెందుకే అక్కా, నేను చూసుకుంట గద."

"నువ్వు చూసుకున్నందుకే లేకుండ పోయింది. నా గిర్ని లేదన్నోణ్ని నేను కండ్ల చూడాలె."

పొద్దున పది గంటలకు పోయాం. కనుబొమ్మల మీద పిండి అట్లాగే ఉన్నది అక్కకు. తుడుచుకోమంటే, "ఉండనియ్యి, సాక్ష్యం," అన్నది. ఆమెను గోడ పక్కన బెంచి మీద కూర్చోబెట్టి, నేను మాట్లాడి వస్తానని టేబుల్ దగ్గరికి పోయాను.

తనిఖీ సారంటే పెద్ద మీసాలవాడిని ఊహించుకుని పోయాను. పాతికేళ్ల పిలగాడు. ప్యాంటు అంచులకు ఇంకా పల్లేరుకాయలు అంటుకుని ఉన్నాయి. నేను టేబుల్ మీద చెయ్యి పెట్టాను. దెబ్బ అని ఇందాక రాసింది దీన్నే. గట్టిగా పెట్టానని మాత్రం చెప్పగలను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"సారూ, రాకుండనే లేదని ఎట్ల రాసిన్రు?"

అతను కోపం తెచ్చుకోలేదు. ఫోను తీసి ఫోటోలు చూపించాడు.

"రెండుసార్లు పోయిన పెద్దాయనా. ఇగో, మోరీ. ఇగో, నలభై అడుగులకు హోటల్. పక్కకు గల్లీ. గల్లీ చివరకు పోయిన, కంపెనీ ఫెన్సింగు తప్ప ఏం లేదు. తుమ్మచెట్లళ్ల తిరిగిన, పల్లేరుకాయలు గుచ్చుకున్నయి. పంచరు దుకాణమాయనను అడిగితే, పుట్టి పెరిగిన కాంచి గీడ గిర్ని చూడలేదన్నడు. మీ నంబరుకు రెండుసార్లు చేసిన, ఎత్తలే."

ఫోను ఆ రోజు మంచం మీద ఉంది. నేను చాయ్ దగ్గర ఉన్నాను. సర్వే కథ చెబుతున్నాను.

ఫోటోలు చూశాను. హోటలే, కానీ మా హోటల్ కాదు. గల్లీయే, మా గల్లీ కాదు. ఆ రోడ్డు మీద హోటళ్లకు, గల్లీలకు కరువు లేదు. అది మోరీకి ఆ పక్క, రోడ్డుకు కూడా ఆ పక్క. "మీ నక్షా ప్రకారమే పోయిన," అని అతను నా నక్షా తీసి టేబుల్ మీద పరిచాడు.

చూడగానే నాకు అర్థమైంది.

బాయిలో ఉత్తరం, దక్షిణం అని ఎవరూ అనరు. బొగ్గు పొర భూమి లోపల చాప పరిచినట్టు సమంగా ఉండదు, ఒక పక్కకు వాలి ఉంటుంది. కిందికి వాలిన వైపు డిప్పు, పైకి లేచిన వైపు రైజు. సూర్యుడు లేని చోట దిక్కులంటే ఆ రెండే. షిఫ్టు మొదట్లో గోడ మీద సుద్దతో గీసి పని చెప్పేటప్పుడు, డిప్పు ఎప్పుడూ కింద ఉంటుంది, రైజు ఎప్పుడూ పైన ఉంటుంది. మేం పనిచేసిన పొర గోదావరి వైపు వాలి ఉండేది. అంటే మా లెక్కలో గోదావరి ఎప్పుడూ కాగితం అడుగున ఉంటుంది. ఊళ్లో చూస్తేనేమో గోదావరి ఉత్తరాన ఉంది. రిటైరై ఇన్నేళ్లయినా, స్కేలు పట్టుకోగానే నా చెయ్యి డిప్పును కిందికి పెట్టి గీసింది. మునిసిపాలిటీ పిలగాడు బళ్లో నేర్చుకున్నట్టు పైన ఉత్తరం అనుకుని పట్టుకున్నాడు. నా నక్షా ఊరికి తలకిందులుగా ఉందని తెలియక, గీసిందాన్ని గీసినట్టే నమ్మి, రోడ్డుకు అవతలి పక్కన, మోరీకి అవతలి పక్కన రెండు రోజులు తిరిగాడు.

నేను టేబుల్ మీది కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, అడుగు భాగం పైకి వచ్చేటట్టు తిప్పి పెట్టాను.

"ఇప్పుడు చూడు సారూ."

అతను చూశాడు. ఫోనులో ఊరి మ్యాపు తీసి దాని పక్కన పెట్టుకుని మళ్లీ చూశాడు. కిటికీ దగ్గరి అమ్మాయి కూడా లేచి వచ్చింది.

"మూలకు ఒక్క బాణం గీస్తే అయిపోతుండె గద పెద్దాయనా," అన్నాడు.

"బాయిల దిగినోనికి ఉత్తరం ఉండది సారూ. నాదొక్కనిది గాదు తప్పు. మా అందరి అలవాటే గంత."

ఆ మాటకు ఆఫీసంతా నవ్వింది. బెంచి మీద అక్క ఒక్కతే నవ్వలేదు.

తర్వాతది తొందరగా అయిపోయింది. ఆ మధ్యాహ్నమే ఆ పిలగాడు బండి మీద వచ్చాడు. అక్క అప్పుడే కారం గిర్నిలో మిరపకాయలు పోసింది. గల్లీలోకి తిరగకముందే అతను తుమ్మడం మొదలుపెట్టాడు.

"ఉన్నదా సారూ గిర్ని?" అని అడిగింది అక్క.

"ఉన్నదమ్మా," అన్నాడు, తుమ్ముకు తుమ్ముకు మధ్య.

హోటల్ గోడ కొలవడానికి టేపు తీశాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. కదలకుండా పట్టుకున్నాను. అతను అటు కొసన గోడ అంచు దగ్గర వంగి కొలత చదువుకుంటుంటే, ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఒకప్పటి లాగే ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అది నాకు వచ్చిన పని.

మర్నాడు భోజనాల వేళకు పర్మిషన్ కాగితం ఇచ్చారు. నేను మొదట్లో చెప్పిన ఒక్క రోజు ఇదే. ముందటి రోజుల్ని వదిలేస్తే అబద్ధం కాదు.

బోర్డు ఈసారి పెయింటరు చేత రాయించింది అక్క. పైన మూడో గేటు గిర్ని అని, కింద పిండి, కారం, పసుపు అని. మూలకు పర్మిషన్ నంబరు. పక్కన గల్లీలోకి చూపించే బాణం. పెయింటరు బాణం గీసేటప్పుడు నేను ఏదో చెప్పబోతే, అక్క నన్ను హోటల్లోకి పంపించి, బాణం తల గీయడం అయ్యేదాకా నిచ్చెన కిందే నిలబడింది.

మిరపకాయలు ఎండాయి. మొదటి వారం ఇద్దరో ముగ్గురో వచ్చారు. ఆ తర్వాత పొద్దున ఏడింటికే గల్లీలో సంచులు వరుసగా కూర్చునేవి. జొన్నల సంచి నెత్తిన పెట్టుకుని తిరిగి తిరిగి పోయినామె కూడా వచ్చింది. వచ్చీ రాగానే కయ్యానికి దిగింది.

"ఏందక్కా, చెప్పకుండ పోతివి! గా ఇంకో గిర్నోడు రవ్వ రవ్వ పట్టిచ్చిండు. ఒక్క రొట్టె వస్తె ఒట్టు."

"నీ జొన్నలు పచ్చిగుండొచ్చు. ఎండబెట్టినవా?"

"ఇన్నొద్దులకు దొరికితివి, మల్ల మొదలువెట్టినవా?"

ఇద్దరూ చాలాసేపు తిట్టుకున్నారు. అక్క ఆ రోజు ఆమె సంచి వరుసలో లేకుండా ముందే పట్టింది. రామగిరి ఆయన మూడోసారి ఫోను చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "ఇయ్య. కొత్తది కొనుక్కో," అని పెట్టేసి, చేతులు దులుపుకుని పని చూసుకున్నది.

ఇదంతా రాసి, నిన్న మధ్యాహ్నం గిర్నికి తీసుకుపోయాను. వరుస అయిపోయింది, మోటారు ఆగి ఉంది. అక్క గుడ్డ గొట్టం దులుపుతూ విన్నది. టేబుల్ దెబ్బ దగ్గర గొట్టాన్ని ఇంకొంచెం గట్టిగా దులిపింది. ట్రాక్టరు దగ్గర ఒకసారి ముక్కుతో నవ్వింది. చివరిదాకా చదివి, ఎట్లున్నదని అడిగాను.

"అన్ని మంచిగనే ఉన్నయి. ఒక్కటి తప్పు రాసినవ్."

"ఏంది?"

"నక్షా తిప్పింది నువ్వు గాదు, నేను. గా సారు కాగితం పరవంగనే నీ మొకం తెల్లగయింది. చాయ్ తాగొస్తనని బైటికి పోయినవ్. నేను లేచిపోయి, కాగితం తిప్పి పెట్టిన. గంత నవ్వు అయినంక వచ్చినవ్ నువ్వు."

చదివిన కాగితాలు మడిచి, కళ్లద్దాలతో పాటు ఒళ్లో పెట్టుకున్నాను. డిప్పు కిందికి గీస్తారని నీకెట్లా తెలుసని మాత్రం అడిగాను.

"మీ బావ గచ్చు మీద సుద్దతోటి ఎన్నిసార్లు గీసి చెప్పలే? గాయన గూడ డిప్పు కిందికే గీసెటోడు. కని ముందుగాల మూలకు బాణం గీసి, ఉ అని రాసినంకనే మిగతాది గీసెటోడు. తప్పు బాయి మీదికి నూకకు తమ్మీ. బాయిల దిగినోళ్లు ఉత్తరం మరిచిపోలే. నువ్వు మరిచిపోయినవ్. గట్ల రాయి."